గుమ్మడికాయ కొట్టిన రోజు

అక్టోబరులో ఇక్కడ కెనడాలో, సస్కటూన్ కొట్ల ముందు గుమ్మడికాయలు పేర్చగానే, ఆ పచ్చి వాసనకి నాకు ఇప్పటికీ అరచేతుల్లో చెమట పడుతుంది.

నాకు పదేళ్లప్పుడు, ఇండియా నుంచి స్టూడెంట్లు విమానాల నిండా దిగుతున్న ఆ రోజుల్లో, మా బేస్‌మెంట్లో నలుగురు అద్దెకుండేవారు. వాళ్లలో ప్రసాదన్నకి తోలు జాకెట్లేసుకుని బైకుల మీద ఊళ్లు దోచే ముఠాల సినిమాలంటే ప్రాణం, అలాంటిదొకటి తనే హీరోగా తీయడానికి పూనుకున్నాడు. ఉన్నది అడిగి తెచ్చుకున్న ఒక్క పాత బైకు. జాకెట్లు మార్చుకుంటూ దాని మీద ఒకరి తర్వాత ఒకరు వెళ్తే అదే ముఠా, కారు డిక్కీ తెరిచి అందులో బోర్లా పడుకుని ఫోన్‌తో తీస్తే అదే ఛేజింగ్, నెమ్మదిగా నడిపినదాన్ని లాప్‌టాప్‌లో పరుగెత్తిస్తే అదే స్పీడు. జాకెట్ల వెనక తెల్ల పెయింటుతో పుర్రెలు గీసింది నేనే కాబట్టి, అమ్మతో గొడవపడి మరీ ప్రతి షూటింగుకీ వెళ్లేదాన్ని. కోసేసిన గోధుమ చేల మధ్య కంకర రోడ్డు, నోట్లో కరకరలాడే దుమ్ము, పెట్రోలు కంపు, ఆ కంపులోనే తిన్న పులిహోర, అన్నీ నాకు పండగే.

చివరి షాటయ్యాక సినిమావాళ్ల ఆనవాయితీ ప్రకారం గుమ్మడికాయ కొట్టాల్సిందేనన్నాడు ప్రసాదన్న. కాయకి చిల్లు పెట్టి, కుంకుమ డబ్బా మొత్తం గుమ్మరించి, నీళ్లు పోసి, పైన కర్పూరం వెలిగించి, రోడ్డు మీద బద్దలు కొట్టాడు. అటుగా ట్రక్కులో పోతున్న రైతుకి నల్ల జాకెట్లు, బొమ్మ తుపాకులు, ఎర్రటి మడుగు, పక్కన ఓ చిన్నపిల్ల కనిపించాయి. ఆయన ఆగకుండా పోయి పోలీసులకి ఫోన్ చేశాడు.

రెండు కార్లొచ్చాయి. చేతులు పైకెత్తమన్నారు. అన్నలు బొమ్మ తుపాకులు రోడ్డు మీద పడేసి చేతులెత్తారు. తుపాకులు బొమ్మలని తేలి, కాయ ముక్కలు తిరగేసి చూశాక వాళ్లు కాస్త మెత్తబడ్డారు గానీ, బైకు నడిపిందెవరని అడిగారు. ఆ రోజు నడిపింది ప్రసాదన్నే, తనకి బైకు లైసెన్సు లేదు. కేసయితే స్టడీ పర్మిట్ పోయి ఇండియాకి పంపేస్తారని నలుగురికీ భయం, అందుకే ఎవరూ నోరు విప్పలేదు. ఆఫీసరమ్మ నా ముందు మోకాళ్ల మీద కూర్చుని మళ్లీ అడిగింది. స్కూల్లో టీచరుకి చెప్పినట్టే వేలు చూపించి చెప్పేశాను.

"హీ వాజ్."

టికెట్ రాసి, బైకు తీసుకెళ్లిపోయారు. ఇంటికొచ్చాక ప్రసాదన్న బేస్‌మెంట్ మెట్ల మీద కూర్చుని, తను బండి నడిపిన ప్రతి క్లిప్పూ సాక్ష్యమైపోతుందని ఒక్కొక్కటే డిలీట్ చేశాడు. నేను వెక్కుతుంటే స్క్రీన్ మీంచి చూపు తిప్పకుండానే, "నిజమే చెప్పినవు కదా బిడ్డా, ఏడ్వకు" అన్నాడు. ఫైనుతో సరిపోయిందనీ, పర్మిట్‌కి ఏ ఢోకా లేదనీ నెల తర్వాత తెలిసింది.

ఇప్పుడు ఆ రోడ్డుకి తారు పడింది, చేలల్లో ఇళ్లు లేచాయి, ప్రసాదన్న హాలిఫాక్స్‌లో పెద్దమనిషిలా బస్సెక్కి ఆఫీసుకెళ్తాడు. నాన్న ఒకప్పుడు బైకు మీద హీరో అంటే ఆయన కూతురు నమ్మదట. చూపిద్దామంటే ఒక్క ఫ్రేమూ లేదు, నా వల్లే.