ఇసుక కుండలో సీసా

కుండలమ్మ అసలు పేరేమిటో ఊళ్లో ఎవరికీ గుర్తులేదు. ముప్పై ఏళ్లుగా సారె తిప్పి, కుండలు కాల్చి బతుకుతున్న మనిషి. నోరు పెద్దది. "నా కుండలో నీళ్లు తాగినోడు ఇంకోచోట తాగడు" అని, అడిగినా అడక్కపోయినా చెప్పుకునేది.

తల్లి లేని మనవరాలు బుడ్డిది ఏడో ఏట ఉన్నట్టుండి పడిపోయింది. షుగరు జబ్బన్నారు ఆసుపత్రిలో.

"ఇంట్లో పంచదార డబ్బాయే లేదు, పిల్లకి షుగరేంటి నర్సమ్మా!"

నర్సమ్మ నవ్వలేదు. రోజుకి రెండు సూదులు, బతికినంత కాలం. మందు చల్లగా ఉంచాలి, లేకపోతే పాడైపోతుంది. ఇంట్లో ఫ్రిజ్ ఉందా అని అడిగింది. కరెంటే లేని కొంపలో ఫ్రిజ్జా!

"కుండ ఉందిగా" అంది కుండలమ్మ. పెద్ద కుండలో చిన్న కుండ, రెంటికీ మధ్య ఇసుక, ఇసుకకి రెండు పూటలా నీళ్లు. లోపల మందు సీసా. ఊరికొచ్చినప్పుడు నర్సమ్మ చేయి పెట్టి చూసి "బానే ఉందే" అంది. ఏడాదిన్నర పిల్ల దివ్యంగా తిరిగింది. బడికెళ్లింది, చెట్లెక్కింది, సూది తనే పొడుచుకోవడం నేర్చుకుంది.

ఆ వేసవి ఎండలు నిప్పులు చెరిగాయి. ఊరంతటికీ గొప్పలు చెప్పిన మనిషికి, మనవరాలి ప్రాణం దగ్గరికొచ్చేసరికి సొంత కుండ మీదే నమ్మకం పోయింది. సీసా తీసుకెళ్లి చేపలమ్మే ఆయన పెట్టెలో, ఉప్పు కలిపిన ఐసు అడుగున పెట్టించింది.

"మన కుండ చాలు కదే అమ్మమ్మా?"

"చల్లగా ఉంటే మంచిదన్నారా? ఇంకా చల్లగా ఉంటే ఇంకా మంచిది. నోర్మూసుకో!"

తెల్లారి చూస్తే మందు గడ్డకట్టింది. కుండలమ్మ సీసాని అరచేతుల మధ్య పెట్టుకుని కరిగించింది. చూడ్డానికి ఎప్పటిలాగే ఉంది. మూడు రోజులు అదే పొడిచారు. పిల్ల బిందెలు బిందెలు నీళ్లు తాగింది. నాలుగోనాడు వాంతులు, ఆయాసం. పిలిస్తే పలకలేదు.

"గడ్డకట్టాక అది మందు కాదమ్మా, వట్టి నీళ్లు" అంది ఆసుపత్రిలో నర్సమ్మ, జరిగింది విని. "మీ కుండే నయం కదా!"

కుమ్మరికి ఏడాది, గుదియకు క్షణం అంటారు. ఇక్కడ ఆ దుడ్డుకర్ర పట్టింది కుమ్మరే. కుండలమ్మ ఆసుపత్రి గోడకి తల బాదుకుని ఏడ్చింది.

పిల్ల బతికింది. కానీ మాట తడబడుతోంది, కుడికాలు ఈడుస్తోంది. బాగవుతుందా అంటే డాక్టరు "చూద్దాం" అన్నాడు.

ఇంటికొచ్చాక కుండలమ్మ కొత్త సీసా కుండలో పెట్టబోయింది. బుడ్డిది కాలీడ్చుకుంటూ వచ్చి ఆమె చేతిలోంచి లాక్కుంది. తనే లోపల పెట్టి మూత వేసింది.

"నీళ్లు... నువ్వు పొయ్యి" అంది, ఒక్కో మాటా కూడదీసుకుని. "సీసా... ముట్టుకోకు."

కుండలమ్మ చెంబుతో ఇసుకలో నీళ్లు పోసింది.