‘ఖాళీ’ అని నేనే రాశాను

దెయ్యాల కథలు చెప్పేవాళ్ళను ముఖం మీదే ఎగతాళి చేసే రకం నేను. అనుమానించాల్సి వస్తే మనుషులనే అనుమానిస్తాను. ఆ రోజూ అదే చేశాను.

డ్రైవరు లేకుండా గనుల్లో బరువులు మోసే బండి ఒకటి తయారుచేస్తున్నాం. గుంతలూ బండలూ ఉన్న నేల మీద, అడ్డం వచ్చినదాన్ని కనిపెట్టి అది తనంతట తానే ఆగాలి, లేదా తప్పుకుని పోవాలి. ఆలూరు దగ్గర ఒక బీడులో నడిపించి చూస్తున్నాం. రెండు రోజుల్లో కంపెనీ పెద్దవాళ్ళు చూడటానికి వస్తారు. వాళ్ళ ముందు ఊరికే ఆగిందంటే మా ఐదుగురి పనీ మూతపడుతుంది.

రాళ్ళనూ కంపచెట్లనూ బండి చక్కగా తప్పుకుంది. చదునుగా ఉన్న ఒక చోట మాత్రం, పొద్దున పది గంటల ఎండలో, టక్కున ఆగిపోయింది. ఏదో అడ్డం ఉన్నట్టు తెర మీద ఎర్రగా చూపిస్తోంది. నేల మీద గడ్డిపరక కూడా లేదు. సెన్సర్లు మార్చాం. మళ్ళీ అక్కడే ఆగింది.

ఇలాంటప్పుడు మాకో పద్ధతి ఉంది. ఒక మనిషి వెళ్ళి అక్కడ నిలబడి, ఏమీ లేదని చెయ్యి ఎత్తాలి. అప్పుడు కంప్యూటర్లో ఆ చోటును ‘ఖాళీ’ అని రాస్తాం. ఆ పైన అక్కడ ఏం కనిపించినా బండి పట్టించుకోదు.

ఆ పని యేసురత్నానిది. ఆ ఊరి మనిషే, యాభై ఏళ్ళుంటాయి, మా దగ్గర రోజుకూలీ. వెళ్ళాడు, చాలాసేపు నిలబడ్డాడు, చెయ్యి ఎత్తకుండానే తిరిగొచ్చాడు.

“కండ్లకైతే ఏమీ కనపడ్ల్యా సార్. ఖాళీ అని చెప్పేకి మాత్రం చెయ్యి పైకి రాల్యా,” అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. ఈ బండి వస్తే కూలి పోతుందని ఇతనే ఏదో పాతిపెట్టాడనుకున్నాను. తవ్వించాను. మోకాలి లోతు దాకా నల్లమట్టే. గుంత పూడ్పించి చదును చేయించాను గానీ అనుమానం పోలేదు. రేపటి నుంచి రావద్దని చెప్పేశాను.

అతను కోప్పడలేదు. “పోతాలే సార్. ఆడ మాత్రం బండితో తొక్కించొద్దండి,” అన్నాడు.

నేనే వెళ్ళి చెయ్యి ఎత్తాను, నేనే వచ్చి ‘ఖాళీ’ అని రాశాను. బండి కదిలింది. ఆ చోటికి రాగానే ముందు చక్రాలు జానెడు ఎత్తు లేచి దిగాయి. తర్వాత వెనక చక్రాలు. ఐదుగురమూ చూశాం. కంప్యూటర్లోనూ నమోదైంది. పూడ్చిన మెత్తటి మట్టిలో మూరెడు మేర టైర్ల అచ్చు పడలేదు.

పెద్దవాళ్ళు వచ్చారు. బండి ఎక్కడా ఊరికే ఆగలేదు, కుదుపూ రాలేదు. మెచ్చుకుని వెళ్ళారు. మా పని నిలబడింది. యేసురత్నాన్ని మళ్ళీ పిలిస్తే రాలేదు.

తర్వాత ఒక్కణ్ణే వెళ్ళి కంప్యూటర్లో ఆ ‘ఖాళీ’ గుర్తు చెరిపేసి బండిని నడిపించాను. నిజం చెప్పాలంటే, ఆగాలని కోరుకున్నాను. ఆగలేదు. పదిసార్లు నడిపించినా ఆగలేదు.

సెన్సరు తప్పేనని తోటివాళ్ళు అంటారు. మరి చక్రాలు దేని మీదికి ఎక్కాయంటే మళ్ళీ సెన్సరు లెక్కలే తీసి చూపిస్తారు. నాకూ తెలియదు. భయం కాదు, తప్పు చేశానన్న బాధ నాది. అక్కడ ఏదో ఉండేది. మేం తొక్కించాక లేదు.