గచ్చకాయ చెవి

సుధామణికి ఊరికే కూర్చోవడం చేతకాదు. పటమట చేపల బజారులో పొద్దున్నే బల్ల పరిచి, కొల్లేటి నుంచి తమ్ముడు పంపిన చేపల్ని సర్దుతుంది, నీళ్ళు చల్లుతుంది, మళ్ళీ సర్దుతుంది. బేరం లేకపోతే కడిగిన కత్తిపీటనే కడుగుతుంది. భర్త పోయినప్పటి నుంచి అంతే. చేతులు ఆగితే ఖాళీ ఇల్లు గుర్తొస్తుంది.

ఆమె బల్ల కింద గచ్చకాయలా బూడిద రంగు పిల్లి ఒకటి ఉండేది. దాని పేరూ గచ్చకాయే. ఆ వేసవిలో అది తల విదిలించడం మొదలుపెట్టింది. వెనక కాలితో చెవిని గోకి గోకి పుండు చేసుకుంది. కొన్నాళ్ళకు తల ఒక పక్కకు వాలిపోయి, బల్ల కాలి చుట్టూ తూలుతూ తిరగసాగింది.

"పిచ్చెక్కిందమ్మా దానికి" అన్నాడు పక్క బల్ల హనుమయ్య. "గోతంలో ఏసి ఏటి అవతల వదిలేసొస్తా. కొనేవోళ్ళు బెదిరిపోతన్నారు."

"నా బల్ల కింద పిల్లి గురించి నీకెందుకయ్యా?" అని కసిరింది సుధామణి. ఎవరో చెప్పారని నూనెలో వెల్లుల్లి కాచింది. చెవి ముట్టుకోగానే పిల్లి పెట్టిన అరుపుకి ఆ గిన్నె పక్కన పడేసింది. బల్ల హనుమయ్యకు అప్పగించి, పిల్లిని మూతబుట్టలో పెట్టుకుని ఆటో ఎక్కింది. దారంతా మూత ఎత్తి చూస్తూనే ఉంది.

పశువుల డాక్టరు వినీల, పిల్లి చెవిలోంచి కాఫీ పొడి లాంటి నల్లటి మురికి తీసి, సూక్ష్మదర్శిని కింద పెట్టి, "చూడండమ్మా" అంది. తెల్లటి పురుగులు, కాళ్ళాడిస్తూ, ఒకదాని మీద ఒకటి.

"కొల్లేటి పెద్దింట్లమ్మ తల్లీ! ఇయ్యన్నీ లోపల తిరుగుతుంటే ఇదెట్టా నిలబడుద్దండీ? పిచ్చెక్కిందన్నారు గదండీ!"

"పిచ్చి కాదండీ. పురుగుల వల్ల చీము పట్టి లోపలి చెవిదాకా పోయింది. అందుకే తూలుతోంది. ఇంట్లో నూనెలేవీ పొయ్యకండి. చుక్కల మందు, బిళ్ళలు నేనిస్తా. పురుగులు చావడానికి మెడ మీద ఈ మందు వేస్తున్నా. మీ బజారులో పిల్లులన్నిటికీ వెయ్యాలి, లేకపోతే మళ్ళీ అంటుకుంటాయి."

బజారు పిల్లుల్ని పట్టడం మాటలా? సుధామణి చేప తలలు ఎర వేసి, కొంగు బిగించి, బల్లల కింద దేకింది. చేతులనిండా గోళ్ళ గీతలే. నవ్వి నవ్వి అలిసిపోయిన హనుమయ్య చివరికి, "నువ్వట్టా పట్టలేవులే" అంటూ పాత వల తెచ్చి విసిరాడు. అతను పట్టి ఉంచితే ఆమె ఒక్కొక్క దాని మెడ మీదా మందు వేసింది.

ఆ తరవాత కూడా ఆమెకు మనసు నిలవలేదు. బేరం మధ్యలో వంగి గచ్చకాయ చెవి చూసేది. కొనేవాళ్ళు విసుక్కునేవారు. మెల్లగా గోకడం ఆగింది, చీము ఎండింది, తూలడం తగ్గింది. తల మాత్రం కాస్త పక్కకే ఉండిపోయింది. అది అలాగే మిగిలిపోవచ్చని డాక్టరు చెప్పేసింది.

ఓ ఉదయం గచ్చకాయ బల్ల మీదికి దూకబోయి గురి తప్పి కింద పడింది. లేచి, మళ్ళీ దూకి, మంచి కొర్రమీను ముక్క ఒకటి నోట కరుచుకుని పరుగెత్తింది.

"దొంగముండా!" అని అరుస్తూ సుధామణి వెంటపడింది. అరుస్తూనే, అది తిన్నగా పరుగెడుతోందా లేదా అని చూసుకుంది.