బారువ రేవులో ఓడ ఆగని రోజు

“ఎర్ర జెండా ఎత్తినారు, కనిపిత్తన్నాదా నేదా? పడవ దింపను.”

“జెండా ఎత్తినోడి అమ్మ కాదు బండిలో తొంగున్నాది. మా అత్త. దింపు.”

“దింపితే ఏ సెక్కకా సెక్క ఊడిపోద్ది. నీ పెనిమిటి ఓడ మీన సుబ్బరంగా ఉన్నాడు. ఆడ్ని అలల్లో ముంచి తెమ్మంటావేటి?”

“మొన్న ఇంతకన్నా పెద్ద అలల్లో దింపినారంట. మీ ఆడోళ్లే సెప్పినారు, సేపలమ్ముతూ.”

“మా ఆడోళ్లు నోటితో దింపుతారమ్మా. తెడ్డేసీది నాను.”

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అది బారువ రేవు. ఆ మాటలన్నది అక్కడి పడవల పెద్ద. ఎదురు మాటలన్నది నేను. అప్పటికి నాకు పాతికేళ్లు ఉంటాయి.

జరిగింది చెప్పేముందు ఒక మాట. దెయ్యాలున్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. మా పుట్టింట్లో వదినకి చీకటంటే భయం. దొడ్లో తెల్లవార్లూ దీపం ఉంచేది. నేను వెళ్లి ఆర్పేసేదాన్ని. లేని దెయ్యానికి ఉన్న నూనె తగలెయ్యడం నాకు నచ్చదు. ఇప్పటికీ అంతే. మూడో తరగతితో నా చదువు ఆగింది కాబట్టి కల్పించి రాయడం నాకు రాదు. చూసింది రాస్తాను.

మాది పలాసకి తూర్పున, ఉద్దానం కొబ్బరితోటల్లో ఒక ఊరు. మా ఆయన రంగంలో బియ్యం మిల్లులో పని చేసేవాడు. రంగూన్‌ని మావైపు రంగం అనేవాళ్లు. వెళ్లి ఆరేళ్లయింది. మా అత్తకి ఒక్కడే కొడుకు. ఆ ఏడు ఆమెకి ఒళ్లంతా నీరు పట్టింది. కళ్లు ముందే పోయాయి. ఇక ఎన్నాళ్లో ఉండదని వైద్యుడు చెప్పాడు. నేనే ఉత్తరం రాశాను. ఫలానా ఓడలో వస్తున్నానని జవాబు వచ్చింది.

“ఆడు ఇంటికొచ్చినదాకా నాను ఆగను. రేవుకే తోలుకుపొండి,” అంది అత్త. వద్దన్నాను, వినలేదు. ఆమె తమ్ముడు, అంటే మా మావ, బండి కట్టాడు. గడ్డి పరిచి పడుకోబెట్టాం.

బారువలో ఓడ ఒడ్డుకి రాదు. దూరంగా సముద్రంలో నిలబడుతుంది. కొబ్బరితాళ్లతో పలకలు కుట్టిన పడవలు ఎదురువెళ్లి మనుషుల్ని తెస్తాయి. గాలివానలప్పుడు రేవు ఆఫీసు దగ్గర ఎర్ర జెండా ఎత్తుతారు. ఇక ఏ పడవా కదలదు. ఓడ కూత వేసి భీమునిపట్నం వైపు, అదే మేం భీవిలి అనే రేవు వైపు, సాగిపోతుంది. అవి నాగుల చవితి వెళ్లిన తుపాను రోజులు. సంగతి నాకు తెలియక కాదు. అత్త అంతసేపు ఉండదని పోట్లాడాను.

పడవల పెద్ద దింపలేదు. అతని తప్పేమీ లేదు. ఓడ పైన మనుషులు చీమల్లా కనిపించారు. అందులో మా ఆయన ఎవరో పోల్చుకోవాలని చూశాను. కుదరలేదు. రెండుసార్లు కూత వేసింది. పొగ అటు తిరిగింది. ఓడ వెళ్లిపోయింది.

అలా ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. ఏడుపు రాలేదు. ఇంత దూరం ఎడ్లని ఊరికే తిప్పామని మాత్రం అనుకున్నాను.

బండి దగ్గరికి వచ్చాను. మావ ఎడ్లకి నీళ్లు పెట్టడానికి నూతి దగ్గరికి వెళ్లాడు. అక్కడి నుంచే నాకు కనిపిస్తున్నాడు. అత్త ఒక్కర్తే ఉంది. మొహం తేటగా ఉంది.

“వొచ్చినాడే,” అంది.

“ఎవులొచ్చినారు?”

“ఎవులేటి? మా సింవాద్రి. కాళ్లట్టుకున్నాడు. గట్టిగా అట్టుకున్నాడు.”

“ఓడ ఆగనేదత్తా. ఎల్లిపోనాది. ఎవులూ దిగనేదు.”

“నువ్వు ఓడకేసి సూత్తన్నావు. ఆడు ఇలగొచ్చినాడు.” మళ్లీ అంది. “ఆడి సేతికేటో అయినాదే. ఓ ఏలు తగల్నేదు.”

జబ్బు మనిషి మాటలనుకుని కాళ్ల మీద దుప్పటి సర్దబోయాను. అప్పుడు చూశాను.

నీరు పట్టిన కాళ్ల సంగతి చూసినవాళ్లకి తెలుస్తుంది. వేలితో నొక్కితే గుంట పడుతుంది. కాసేపుంటుంది, తర్వాత పూడిపోతుంది. పొద్దున్న నేను నూనె రాసినప్పుడు పడ్డ గుంటలు అప్పుడే పోయాయి. ఇప్పుడు రెండు పాదాల మీదా కొత్త గుంటలున్నాయి. ఎవరో వంగి రెండు చేతులతో పాదాలు పట్టుకున్నట్టు. ఒక పాదానికి ఇటు బొటనవేలు, అటు నాలుగు వేళ్లు. రెండో పాదానికి ఇటు బొటనవేలు, అటు మూడే. చిటికెన వేలు ఉండాల్సిన చోట చర్మం నున్నగా ఉంది.

నా చెయ్యి పెట్టి చూశాను. నా వేళ్లు అంతవరకు రాలేదు. మావ రాగానే చెయ్యి చూపించమన్నాను. “ఏటే, జాతకం సెప్తావా?” అన్నాడు. అయిదు వేళ్లూ ఉన్నాయి. పొద్దుటి జల్లుకి ఇసక గట్టిపడి ఉంది. బండి చుట్టూ మా ఇద్దరి అడుగులు, ఎడ్ల గిట్టలు తప్ప వేరే ఏమీ లేవు. మావకి ఏమీ చెప్పలేదు. దుప్పటి కప్పేశాను.

నాకు ఒక్కటే తోచింది. ఓడ మీద నుంచి దూకి ఉంటాడు. మునిగిపోయి ఉంటాడు. లేకపోతే ఇదేమిటి? దెయ్యాల్ని నమ్మని దాన్ని, ఆ పూట మాత్రం మా ఆయన పోయాడని నమ్మాను. బండి వెనక నడుస్తూ చక్రాల గాడి చూసుకుంటూ వచ్చాను.

అత్త దారిలో గంజి అడిగింది. నాలుగు రోజులుగా ఏమీ ముట్టలేదు. రెండు గుక్కలు తాగి, “ఉప్పు తక్కువేసినావు, ఉప్పు కూడా దాసుకుంటావేటే” అంది. అవే ఆఖరి మాటలు. పొద్దు గుంకుతుండగా పోయింది.

ఇంటికి చేర్చి అరుగు మీద పడుకోబెట్టాం. కాలి బొటనవేళ్లు రెండూ కలిపి కట్టాలి. ఆ పని ఇంకెవరినీ చెయ్యనివ్వలేదు. గుంటలు అలాగే ఉన్నాయి. కట్టి, పాదాల మీద గుడ్డ దోపాను.

“సింవాద్రి భీవిలిలో దిగి రావాల. రెండ్రోజులు పడతాదేమో. ఆగుదుమా?” అని మావ అడిగాడు.

“ఆగొద్దు మావా,” అన్నాను.

ఆయన నాకేసి చూశాడు. కన్నకొడుకు చేత తలకొరివి వద్దంటున్న కోడలు ఎలాంటిదా అనుకుని ఉంటాడు. కొడుకు మునిగిపోయాడని అనుకుంటున్నది నేనొక్కదాన్నే. కొరివి పట్టడానికి మావే ఒప్పుకున్నాడు.

అసలు జరిగింది తర్వాత తెలిసింది. బారువలో జెండా ఎత్తుతారని ముందే ఊహించి, ఆ పొద్దున్నే బరంపురం దగ్గరి గోపాలపురం రేవులో మావైపు వాళ్లని దింపేశారట. బారువ ముందు ఓడ నిలబడ్డప్పుడు మా ఆయన అందులో లేనే లేడు. ఆ వేళకి నువ్వేం చేస్తున్నావని చాన్నాళ్ల తర్వాత అడిగాను. బరంపురం స్టేషను బయట అన్నం తింటున్నానన్నాడు. అమ్మ తలపుకి వచ్చిందా అంటే, ఆకలి తప్ప ఏమీ తలపుకి రాలేదన్నాడు. అబద్ధమాడే మనిషి కాదు. ఆ గుంటలు ఎవరి వేళ్లవో, ఎలా పడ్డాయో నాకు అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు. తెలిసినట్టు చెప్పను.

తెల్లవారాక జరిగింది ఇది. పాడె కట్టారు. మావ నిప్పుకుండ అందుకోబోతున్నాడు. పలాస స్టేషను దారి నుంచి మా ఆయన నెత్తిన పెట్టెతో నడిచి వచ్చాడు. వాకిట్లో జనాన్ని చూసి పెట్టె కింద పడేశాడు. నన్ను చూడలేదు. తిన్నగా పాడె దగ్గరికి వెళ్లి, గుడ్డ తప్పించి తల్లి కాళ్లు రెండు చేతులా పట్టుకున్నాడు.

కుడి చేతికి చిటికెన వేలు లేదు. ఎప్పుడో మిల్లులో మర తిప్పే పట్టాలో పడి తెగిపోయిందట, గాయం మాని నున్నబడింది. అమ్మ బెంగపడుతుందని ఏ ఉత్తరంలోనూ రాయలేదు. వేళ్లు వేటి చోట అవి గుంటల్లో పడ్డాయి. వెతుక్కోలేదు, సర్దుకోలేదు.

“వొదిలీ బాబూ, పొద్దెక్కిపోనాది,” అన్నాడు మావ.

వదిలాడు. నేను వంగి గుడ్డ మళ్లీ పాదాల మీదికి లాగాను. పాడె ఎత్తారు. మా ఆయన ఆ చేత్తోనే నిప్పుకుండ పట్టుకుని ముందు నడిచాడు. నేను ఇంట్లోకి వెళ్లి అరుగు కడగడానికి నీళ్లు తోడాను.