ఖాళీగా వదిలిన మాట

మందు సీసా కడుగుతుంటే లేబుల్ నాని ఊడి, తడి జిగురు వాసన గుప్పుమంది. ఆ వాసన తగిలితే నాకు నర్సింగరావుగారే గుర్తొస్తారు. డెబ్బైల మొదట్లో కూకట్‌పల్లి దాటాక, చేల మధ్య ఒక రేకుల షెడ్డులో ఆయన మందుల సీసాలకు లేబుళ్లు అచ్చువేయించేవారు. లేబుళ్లు కత్తిరించే యంత్రాన్ని ఫ్రాన్సు నుంచి తెప్పించారు. దాంతో వచ్చిన పుస్తకమంతా ఫ్రెంచే. కాలేజీలో ఆ భాష చదివిన పుణ్యానికి దాన్ని తెలుగు చేసే పని నాకు దొరికింది. పని నచ్చితేనే ఉద్యోగం ఖాయం అన్నారు. గుంటూరు నుంచి వచ్చి అక్క ఇంట్లో తలదాచుకుంటున్న నాకు ఆ ఉద్యోగం తప్ప మరో దారి లేదు.

ఆయనకో పద్ధతి ఉండేది. నేను తెలుగు చేసిన ప్రతి సూచననూ ముందు తానే, తన చేత్తోనే యంత్రం మీద చేసి చూసేవారు. ఆ తర్వాతే పనివాళ్లను ముట్టుకోనిచ్చేవారు. ఎందుకండీ అని అడిగాను.

"నువ్వు రాసింది నమ్మి వాళ్లు చెయ్యి పెడ్తరమ్మా. జర ముందుగాల నాది పెట్టనియ్యి" అన్నారు.

నాకు ధైర్యం చెబుతున్నాననుకున్నారు కాబోలు మహానుభావుడు! ఆ రోజు నుంచి నాకు అన్నం సయించలేదు.

కత్తి తుడిచే అధ్యాయం దగ్గర నా బండి ఆగిపోయింది. కత్తి కింద చేయి పెట్టేముందు ఒక మర బిగించాలని ఉంది. ఆ మర పేరుకు నిఘంటువులో అర్థం దొరకలేదు. బొమ్మలో చూస్తే అక్కడ రెండు మరలున్నాయి. ఏదో ఒకటి రాసేయొచ్చు, చేతులు రాలేదు. మర్నాడు ఆయన చొక్కా చేతులు పైకి మడుచుకుని యంత్రం దగ్గర సిద్ధంగా నిలబడ్డారు. ఇక ఉద్యోగం ఊడినట్టేననుకుంటూ, ఒక్క మాట తెలియలేదనీ, ఖాళీగా వదిలేశాననీ చెప్పాను.

 ఆయన కరెంటు తీయించి, మొదటి మర బిగించి, కత్తి కింద కర్రముక్క పెట్టి చక్రాన్ని చేత్తో తిప్పారు. కత్తి దిగి కర్ర రెండు ముక్కలైంది. రెండో మర బిగించి మళ్లీ తిప్పితే కత్తి కదల్లేదు. ఆయన తెగిన కర్రను చేతిలోకి తీసుకుని కాసేపు చూశారు.

"తెల్వదని చెప్పినవ్ చూడు, గది చాలు. ఇగ ఫికర్ చెయ్యకు. ఈ కొలువు నీదే."

షెడ్డు వెనక్కి వెళ్లి హాయిగా ఏడ్చాను. ఆ సాయంత్రమే 'కత్తి తాళం' అని మా అచ్చులోనే లేబుల్ వేయించి ఆ రెండో మర పక్కన అంటించాం.

ఎన్నో ఏళ్లకు పుప్పాలగూడలో ఆయన ఇంటికి వెళ్లాను. నన్ను గుర్తుపడతారో లేదోనని గుమ్మంలోనే నిలబడిపోయాను. ఆయన కుడిచెయ్యి ఎత్తి, వేళ్లన్నీ విప్పి చూపించారు.

"అన్నీ ఉన్నయమ్మా" అన్నారు.

ఇప్పటికీ అనువాదంలో ఒక మాట దగ్గర తడబడితే ఆ చెయ్యే కనిపిస్తుంది. తెలియదని రాసి, ఖాళీ వదిలేసి పడుకుంటాను. నిద్ర పడుతుంది.