అచ్చుపోసిన కుట్లు

పడవ ఒడ్డు దాకా రాలేదు. ఇంకా నలభై అడుగులు ఉండగానే పడవ నడిపే సారంగు ఇంజన్ ఆపేశాడు. కింద పగడపు రాళ్లున్నాయి, ఇక్కడే దిగమన్నాడు. ఉదయం ఏడూ పది. నడుము లోతు నీళ్లు. రైఫిల్ తల మీద, వీపున ఇరవై రెండు కిలోల బరువు. ఎనిమిది మందిమి వరసగా దిగాం. ఒడ్డెక్కి బూట్లు విప్పి వంచితే ఒక్కొక్కదాంట్లోంచి గ్లాసుడు నీళ్లు కారాయి.

పోర్ట్ బ్లెయిర్ నుంచి పడవలో పదమూడు గంటల దూరంలో ఉన్న ద్వీపం అది. మనుషులు ఉండరు. పేరు రాయను. తొంభై రోజులు మా పోస్టు అక్కడ. నేను హవల్దారుని, పోస్టు కమాండర్ని. నాలుగు రోజులకోసారి తీరం చుట్టూ పధ్నాలుగు కిలోమీటర్లు గస్తీ తిరగాలి. దొంగతనంగా వేటకొచ్చే పడవల జాడ వెతకాలి. ఉదయం ఆరింటికి, మధ్యాహ్నం పన్నెండింటికి, సాయంత్రం ఆరింటికి బేస్‌కు రేడియోలో రిపోర్టు ఇవ్వాలి.

రిటైరై మా ఊరు టెక్కలి వచ్చాక చాలామంది అడిగారు, అండమాన్‌లో శత్రువు ఎవరని. తడి, అని చెప్పేవాణ్ణి. నవ్వేవారు. నేను నవ్వించడానికి చెప్పలేదు. రోజులో రెండుసార్లు వాన. వాన లేనప్పుడు చెమట. తోలు బెల్టు మీద వారానికి బూజు. బూట్లు ఒకసారి తడిస్తే మూడు రోజులు ఆరవు. ఫౌజు ఇచ్చిన బూట్లు అడవిలో మంచివే. కానీ ఒడ్డున, పది నిమిషాలకోసారి నీళ్లలో దిగి ఎక్కే చోట, రాళ్లు కట్టుకుని నడిచినట్టుండేది. మూడో గస్తీకే ముగ్గురి మడమలు చితికాయి. మేజర్ సాబ్ రేడియోలో అనుమతి ఇచ్చారు. తీరం గస్తీకి ఎవరి సొంత బూట్లు వాళ్లు వేసుకోవచ్చు.

అక్కడ నేనొక పని చేశాను.

నా దగ్గర మామూలుగా బయట తిరగడానికి వేసుకునే బూట్లు ఒక జత ఉంది. గోధుమరంగువి, చీలమండ దాకా వచ్చేవి. పేరున్న బ్రాండు. ఆ పేరు ఇప్పుడు చెప్పను. తొమ్మిదేళ్ల కిందట కొన్నాను. ఈశాన్యంలో నాలుగేళ్లు, ఎడారిలో రెండేళ్లు తిరిగాయి. లేసులు మార్చాను తప్ప వాటికి ఏమీ చేయలేదు. అవి చూపించి, "ఇవే తెప్పించుకోండి, కళ్లు మూసుకుని" అని మావాళ్లకు చెప్పాను. ఐదుగురు నా మాట విన్నారు. తర్వాతి సరుకుల పడవలో ఐదు కొత్త జతలు వచ్చాయి. అదే రంగు, అదే ఆకారం, పక్కన అదే గుర్తు. కాస్త తేలిగ్గా ఉన్నాయి. మెరుగుపరిచారనుకున్నాను.

మా రేడియో ఆపరేటర్‌ది హిమాచల్ కొండల్లోని ఊరు. ఇరవై ఆరేళ్లు. సముద్రాన్ని మొదటిసారి చూసింది ఆ పోస్టింగ్‌లోనే. కొత్త బూట్లు వేసుకుని ఇసుకలో అటూఇటూ నడిచి, "మెత్తగా ఉన్నాయి ఉస్తాద్, చెప్పుల్లాగా" అన్నాడు.

ఇరవై మూడు రోజులు మెత్తగానే ఉన్నాయి.

ఆ రోజు ఐదింటికి బయల్దేరాం. నలుగురం: నేను, రేడియో ఆపరేటర్, నర్సింగ్ అసిస్టెంట్, లైట్ మెషీన్‌గన్ మోసే నాయక్. తొమ్మిదో కిలోమీటరు దగ్గర కొండ ముక్కు ఒకటి సముద్రంలోకి పొడుచుకొచ్చి ఉంటుంది. ఆటు ఉన్నప్పుడే దాని కింద నుంచి దారి. ఆ రోజు లెక్క ప్రకారం పదిన్నర దాటితే నీళ్లు ఛాతీ ఎత్తుకొస్తాయి, అల మనిషిని రాతికేసి కొడుతుంది. ఎప్పుడూ ఆటు వేళ చూసుకునే బయల్దేరేవాళ్లం; ఆ రోజు ఎనిమిదిన్నరకే దాటాలి.

ఏడూ పదికి వెనక నుంచి, "ఉస్తాద్, సోల్ గయా" అన్నాడు రేడియో ఆపరేటర్.

ఎడమ బూటు అడుగు ముందు నుంచి మడమ దాకా విడిపోయి వేలాడుతోంది. తాడుతో కట్టాను. ఏడూ నలభైకి కుడిది. ఈసారి కట్టడానికి ఏమీ లేదు, మడమ కింది నురుగు పొడైపోయింది. వేలితో నొక్కితే తడిసిన బిస్కెట్టులా రాలింది. మా నాయక్ బూట్లు చూశాను. అవీ అంచుల్లో నోరు తెరిచాయి. నా కాళ్లకున్న పాత జత మాత్రం చెక్కు చెదరలేదు. అది చూసి నాకు సిగ్గేసింది.

ఎనిమిదీ ఐదుకి రేడియో ఆపరేటర్ జారి పగడపు రాయి మీద అడుగేశాడు. అరికాలు బొటనవేలి కింద నుంచి మధ్య దాకా చీలింది. రేడియో సెట్టు తడవకుండా రెండు చేతులా పైకెత్తి పట్టుకుని అలాగే కూర్చున్నాడు. నర్సింగ్ అసిస్టెంట్ కడిగి, పగడపు ముక్కలు ఏరి, కట్టు కట్టాడు. నెత్తురు ఆగడానికి నలభై నిమిషాలు పట్టింది. నా బూట్లు విప్పి ఇచ్చాను. అతనికి రెండు సైజులు చిన్నవి. ఎక్కలేదు.

కొండ ముక్కు దగ్గరికి చేరేసరికి పదీ యాభై. దారి లేదు.

"బేస్, ఇది గస్తీ. కొండ ముక్కు కింద దారి మూసుకుపోయింది. ఒకరికి కాలి గాయం. కొండ మీదుగా వస్తున్నాం. ఓవర్." రేడియోలో మాట్లాడింది అతనే. గొంతు మామూలుగానే ఉంది.

"కొండ మీద బాట లేదు. నిర్ధారించండి. ఓవర్."

"తెలుసు. ఓవర్."

పేము తీగల ముళ్లు, జలగలు, కాలు పెడితే జారే నల్లమట్టి. రెండు కిలోమీటర్ల అడవికి నాలుగు గంటలు పట్టింది. అతన్ని ముగ్గురం వంతులేసుకుని మోశాం. నా వంతులో అతను నా చెవి దగ్గర ఒక్కటే అన్నాడు. "నేను వేరేవి తెప్పించుకుందామనుకున్నాను ఉస్తాద్. మీరు చెప్పారని ఇవి తెప్పించుకున్నా."

నిందించడానికి అనలేదు. జరిగింది చెప్పాడు. నిందించి ఉంటే నయంగా ఉండేది.

మర్నాడు పొద్దున పడవ వచ్చి అతన్ని తీసుకెళ్లింది. అప్పటికే కాలు మోకాలి దాకా వాచింది. పోర్ట్ బ్లెయిర్ ఆసుపత్రిలో ఇరవై ఆరు రోజులున్నాడు. కాలు దక్కింది. రెండు వేళ్లకు స్పర్శ తిరిగి రాలేదు.

తొంభై రోజులు ముగిశాక మేం పోర్ట్ బ్లెయిర్‌లోని మిన్నీ బే క్యాంపుకు వచ్చాం. ఆరు వారాల తర్వాత మళ్లీ అదే ద్వీపానికి వెళ్లాలి. వచ్చిన మొదటి ఆదివారం పాత జతను, ఊడిన కొత్త జతను సంచిలో వేసుకుని ఊళ్లోనే ఉన్న డెలానీపూర్ వెళ్లాను. అక్కడ బూట్లు, గొడుగులు అమ్మే చిన్న దుకాణం ఉంది. దాన్ని నడిపే ఆవిడను అందరూ దీదీ అంటారు. యాభై దాటి ఉంటాయి. వాళ్ల తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చాడట. ఆవిడ పుట్టింది, పెరిగింది అక్కడే. పడవల మీద పనిచేసేవాళ్లు, అడవి గార్డులు, వండూర్‌లో టూరిస్టులను తిప్పేవాళ్లు ఆవిడ దగ్గరే కొంటారు.

రెండు జతలూ బల్ల మీద పెట్టాను. ఆవిడ వాటిని తిరగేసి చూసింది. లోపలికెళ్లి ఇనుము కోసే రంపం తెచ్చింది.

"కోసేస్తాను. పర్వాలేదా భయ్యా?"

"కోయండి."

పాతదీ కొత్తదీ నిలువునా రెండు చెక్కలు చేసి పక్కపక్కన పెట్టింది. పాతదాంట్లో అంగుళం మందం రబ్బరు, పైతోలును అడుగుతో కలిపి చుట్టూ కుట్టిన దారం, మడమ చుట్టూ గట్టి తోలు. కొత్తదాంట్లో అట్ట, నురుగు, జిగురు.

"కానీ దీనికీ కుట్లున్నాయి కదా దీదీ" అన్నాను, అంచు చూపించి.

ఆవిడ సూది తెచ్చి ఆ కుట్టు కింద దూర్చబోయింది. సూది దూరలేదు.

"ఇది కుట్టు కాదు భయ్యా. రబ్బరు అచ్చులోనే కుట్టు లాగ గీతలు పోసీసినారు. సూసినోడు కుట్టే అనుకుంటాడు. బస్, అంతే. లోన ఈ నురుగు ఉంది సూడు, మన గాలికి అదే పొడైపోద్ది. ఏసుకోకుండా డబ్బాలో దాచినా పొడైపోద్ది. రెండేళ్లయింది నేను ఈ బ్రాండు పెట్టడం మానీసి. డీలరు గోల సేసినాడు. పోరా అన్నాను."

ఆ గీతల మీద వేలు రాసి చూశాను. నాసిరకం సరుకు ఎక్కడైనా ఉంటుంది. దానికి నాకు కోపం రాదు. కానీ కుట్టు తీసేసి, కుట్టు బొమ్మ పెట్టాలని ఎవరో ఒక గదిలో కూర్చుని నిర్ణయించారు. దాన్ని నమ్మి నేను ఒక మనిషిని పగడాల మీద నడిపించాను.

బ్రాండు వాళ్లకు ఫోటోలతో రాశాను. పది రోజులకు వాళ్ల మనిషి ఒకతను క్యాంపు గేటు దగ్గరికి వచ్చాడు. మర్యాదగా మాట్లాడాడు. ఐదు కొత్త జతలు ఇస్తామన్నాడు. దానికి ఒక కాగితం మీద సంతకం కావాలి. బూట్లను ఉప్పునీటిలో తగని విధంగా వాడాం, తయారీలో లోపం లేదు, అని ఉంది.

"బూట్ల డబ్బా మీద సముద్రపు అల బొమ్మ ఉంది కదా" అన్నాను.

"అది డిజైన్ సార్."

"కుట్టు కూడా డిజైనేనా?"

అతను కాగితం మళ్లీ నా ముందుకు చాపాడు. మా స్టోర్స్ చూసే సుబేదార్ సాబ్ నన్ను పక్కకు పిలిచారు. "పెట్టెయ్. ఊరికే వస్తున్నాయి. ఒక్క సంతకం."

"ఆ సంతకం పెడితే తప్పు మనవాడి కాలిది అవుతుంది సాబ్. పెట్టను."

మాట మేజర్ సాబ్ దాకా వెళ్లింది. ఆయన పిలిస్తే ఆ కోసిన చెక్కలు పట్టుకుని వెళ్లాను. సూది కూడా తీసుకెళ్లాను. ఆయన స్వయంగా గుచ్చి చూశారు. తర్వాత అడిగారు. "సరే. సంతకం వద్దు. మళ్లీ వెళ్లేటప్పుడు ఏం వేసుకుంటారు?"

"వెతుకుతున్నాను సాబ్. దొరికినవాటితో ముందు నేను తిరుగుతాను. తర్వాతే వేరేవాళ్లు."

దీదీ నాలుగు రకాలు తీసిపెట్టింది. ఒక్కదానికీ పేరున్న గుర్తు లేదు. ఆవిడ నేర్పినట్టే చూశాను. బూటును బట్ట పిండినట్టు మెలితిప్పు. ముందు వైపు వేళ్ల దగ్గర వంగాలి, మధ్యలో వంగితే వద్దు. మడమ వెనక బొటనవేలితో నొక్కు, లోపలికి పోకూడదు. లోపలి మెత్త బయటికి తీసి కింద ఏముందో చూడు. అట్ట ఉంటే పక్కన పెట్టు. కుట్టు కింద సూది దూర్చు. సాయంత్రం పూట, కాళ్లు ఉబ్బి ఉన్నప్పుడు, మందపాటి సాక్సుతో వేసుకుని చూడు. నాలుగు రకాలనూ బకెట్ సముద్రపు నీళ్లలో పగలంతా నానబెట్టి రేకు కప్పు మీద ఆరబెట్టాం. అలా ఎనిమిది రోజులు. రెండు రకాలు నోరు తెరిచాయి. ఒకటి బిగుసుకుపోయింది. మిగిలింది ఒకటి: మట్టిరంగు కాన్వాసు, మందపాటి రబ్బరు, చుట్టూ నిజమైన కుట్టు. పాదం దగ్గర వెడల్పు ఎక్కువై బాతు కాలిలా ఉంటుంది.

"అందం లేదు గానీ పని సేస్తాది" అంది దీదీ. "నీకేటి, ఫోటో దిగాలా?"

రెండో విడత మొదటి గస్తీకి నేనూ నర్సింగ్ అసిస్టెంటూ మాత్రమే వెళ్లాం. ఆ జతలతోనే. ఐదింటికి బయల్దేరాం, ఎనిమిదీ ఇరవైకి కొండ ముక్కు దాటాం, పదకొండూ పదికి పోస్టులో ఉన్నాం. అలాంటివి ఆరు గస్తీలు చేసి ప్రతి కుట్టూ చూశాను. ఒక్క పోగు తెగలేదు.

ఏడో గస్తీ నాటికి రేడియో ఆపరేటర్ వచ్చాడు. క్యాంపులోనే కూర్చునే డ్యూటీ ఇస్తామంటే కాదన్నాడట. నా పోస్టుకే వెళ్తానన్నాడట. అతని కోసం తెచ్చిన జత చేతికిచ్చాను.

"ఇవి నేను ఆరుసార్లు తిరిగి చూశాను" అన్నాను.

"మీ మాట మీద కాదు ఉస్తాద్" అన్నాడు. "నేనే చూసుకుంటా."

మంచం మీద కూర్చుని మెలితిప్పాడు. మెత్త తీసి చూశాడు. సూది అడిగి పుచ్చుకుని కుట్టులో దూర్చాడు. అరగంట పట్టింది. తర్వాత వేసుకుని, లేసు కట్టుకుని, "చలో" అన్నాడు. కొండ ముక్కు దగ్గర ఆగకుండా నా ముందే దాటాడు.

ఆ విడత ఒక్క రోజు కూడా గస్తీ ఆగలేదు. రెండు దొంగ పడవలను పట్టించాం. ఆ బ్రాండు వాళ్ల కాగితం మీద ఇప్పటికీ నా సంతకం లేదు. ఐదుగురిలో ఎవరూ వాళ్లిస్తానన్న జతలు తీసుకోలేదు.

నేను రిటైరై ఇంటికొచ్చి మూడేళ్లవుతోంది. పోయిన నెల మా అల్లుడికి బూట్లు కొనడానికి విశాఖపట్నంలో పెద్ద షోరూముకు వెళ్లాం. గోడ మీద అదే గుర్తు, దీపాలు పెట్టి మరీ. నేను ఒకటి తీసి మెలితిప్పాను. మెత్త బయటికి లాగాను. అక్కడి కుర్రాడు, "అలా చేయకూడదు అంకుల్" అన్నాడు.

"కాళ్లు మావి. చూస్తాం" అన్నాను.

అల్లుడు ఇబ్బందిగా అటూఇటూ చూశాడు. నేను నాలుగు జతలు వంచి, నాలుగూ తిరిగి పెట్టేసి బయటికి వచ్చాను. చివరికి పాత బజారులో ఒక దుకాణంలో కొన్నాం. అల్లుడికి నచ్చలేదు. వేసుకుంటున్నాడు.

ద్వీపం జ్ఞాపకాలు మనసులోంచి చాలా చెరిగిపోయాయి. పక్షుల పేర్లు, ఒడ్డు వంపులు గుర్తు లేవు. ఒక్కటి మాత్రం పోదు. గస్తీ రోజు తెల్లవారుజాము, వాన వెలిసి ఉంటుంది. రేకుల షెడ్డు ముందు ఎనిమిది జతల బూట్లు వరసగా ఉంటాయి. ఎవరూ లేవకముందే రేడియో ఆపరేటర్ గొంతుక్కూర్చుని ఒక్కొక్కటీ తీస్తాడు, వంచుతాడు, వెలుతురుకు ఎత్తి కుట్టు చూస్తాడు, తిరిగి పెడతాడు. చివర్న నాది తీస్తాడు. అందరి వాటి కంటే నా బూటును ఎక్కువసేపు చూస్తాడు.