రాయి ఇంకా సిద్ధంగా లేదు

మా మావయ్య ఏ చోటికైనా రెండుసార్లు వెళ్తాడు. మొదటిసారి ఒక్కడే వెళ్ళి, ఆ చోటు మనకు తగినట్టుగా ఉందో లేదో చూసొస్తాడు. రెండోసారి మనల్ని తీసుకెళ్తాడు. ఈ లోపల మనకు వెళ్ళాలన్న సరదా చచ్చిపోతే అది మన ఖర్మ.

ఒకసారి ఇంటిల్లిపాదీ సాయంత్రం సినిమాకు బయల్దేరుతుంటే, ఆయన మధ్యాహ్నం ఆటకే వెళ్ళి చూసొచ్చాడు. సాయంత్రం మా పక్కన కూర్చుని ప్రతి జోకుకూ జోకు కంటే ముందే నవ్వాడు. ముందు వరసలో ఒకాయన వెనక్కి తిరిగి, "ఏమైందండీ?" అని అడిగితే, "ఉండండి, ఇప్పుడవుతుంది" అన్నాడు.

క్రాపు చేయించుకోవాలన్నా అంతే. ముందురోజే సెలూన్‌కి వెళ్ళి, కత్తెర పట్టే మనిషి ఉత్సాహంగా ఉన్నాడో, ఇంట్లో పోట్లాడి వచ్చాడో కనుక్కుంటాడు. అత్తయ్యనడిగితే ఇంకో సంగతి చెప్తుంది. "నన్ను చూడటానికి మొదటిసారి మా ఇంటికి రావాల్సింది ఆదివారం. శనివారమే వచ్చి మెట్లెక్కి, బెల్లు నొక్కి పారిపోయారు. మోగుతుందో లేదో చూశారట!"

అలాంటి మనిషిని మా రాళ్ళెక్కే బృందానికి నాయకుడిగా పెట్టుకోవడం మేం చేతులారా చేసుకున్నదే.

బృందమంటే నలుగురమే. కళ్ళద్దాల షాపు మావయ్య, లిఫ్టులు బాగుచేసే మా అక్క, షాపుకు ఎదురు మేడలో ఉండే పళ్ళ డాక్టరు, నేను. ఊరవతల పాత క్వారీ దాటాక పెద్ద పెద్ద బండరాళ్ళున్నాయి. ఏ ఆదివారం వెళ్ళాలి, ఏ రాయి ఎక్కాలి, తాడు ఎవరు మోయాలి అన్నవి మావయ్య షాపులో, కళ్ళు పరీక్షించే అక్షరాల బోర్డు కింద కూర్చుని తేల్చుకుంటాం. మావయ్య మాత్రం ఏ రాయీ ఎక్కడు. పైన కొక్కేనికి తగిలించి కిందికి వదిలిన తాడు రెండో కొసను నడుముకు బిగించుకుని నిలబడతాడు. ఎక్కేవాళ్ళు జారితే ఆపేదీ, ఎక్కాక మెల్లగా దించేదీ ఆయనే.

ఆ రాళ్ళన్నిటిలోకీ మొండిది అలిగినత్త. పేరు మేం పెట్టిందే. వెనకనుంచి నడుచుకుంటూ దాని నెత్తి మీదికి చిన్నపిల్లలు కూడా వెళ్తారు. ముందువైపు పైభాగం మాత్రం మూతి ముడిచినట్టు బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. అటునుంచి ఎక్కిన మొనగాడు లేడు. మా అక్క ఏళ్ళ తరబడి దాని వెంటపడింది. కిందటిసారి ఇంకొక్క పట్టు దొరికితే పైనుండేది. మళ్ళీ వెళ్దామనుకునేలోపు, వంటింట్లో బల్బు మార్చబోయి స్టూలు మీంచి పడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. పన్నెండంతస్తుల మేడల్లో వేలాడుతూ పనిచేసే మనిషి స్టూలు మీంచి పడటం! ఆమెకు నొప్పి కంటే ఆ సిగ్గే ఎక్కువైంది.

కట్టు విప్పించుకుని నేరుగా షాపుకొచ్చింది. "మెల్లగా పట్టు వస్తుందన్నారు. వచ్చినప్పుడు వస్తుంది. నా కోసం ఎవరూ ఆగొద్దు. ఈ ఆదివారం డాక్టరుగారు ఎక్కుతారు, నేను కింద కూర్చుని చూస్తా. నా కోసం ఆగారని తెలిసిందో, ఆ రోజే బృందం మానేస్తా."

మా అక్క అన్నంత పనీ చేస్తుంది. డాక్టరు అప్పటికే కొత్త బూట్లు కొనుక్కుని ఉన్నాడు. మంచివాడే, కానీ ఉబలాటం మనిషి. నాకు అక్క మొహం చూడబుద్ధి కాలేదు. అంత కష్టపడ్డ మనిషి, ఇంకొకళ్ళు ఎక్కుతుంటే కింద కూర్చోవాలా? మావయ్యకు చీమ కుట్టినట్టయినా లేదు. "అలాగే, ఆదివారం వెళ్దాం. ముందొకసారి నేను చూసొస్తా" అన్నాడు.

శనివారం వెళ్ళి, సాయంత్రం మొహం వేలాడేసుకుని వచ్చాడు.

"రాయి ఇంకా సిద్ధంగా లేదు."

"సిద్ధంగా లేకపోవడమేంటండీ? అదేమన్నా పొయ్యి మీదుందా?" అన్నాడు డాక్టరు.

"తడిగా ఉంది."

"వాన పడి ఎన్నాళ్ళయింది!"

"లోపలి తడి, డాక్టరుగారూ. పైకి కనపడదు. పన్ను లోపల పుచ్చినట్టు."

తన విద్యలోంచే పోలిక తెచ్చేసరికి డాక్టరు కొత్త బూట్లు మళ్ళీ సంచిలో పెట్టేసుకున్నాడు.

పై వారం తొండ గుడ్లు పెట్టింది. సరిగ్గా డాక్టరు కాలు పెట్టాల్సిన చోటేనట. ఆ పై వారం అక్కడి టీ కొట్టు మూసేశారు, టీ లేకుండా తాడు పట్టుకోవడం తనవల్ల కాదట. ఆ తర్వాత ఎండ కళ్ళల్లో పడుతోందన్నాడు.

"మీ షాపులోనే నల్లద్దాలు కొనుక్కుంటా!"

"ఆ ఎండకు పనికొచ్చేవి స్టాకు లేవండీ."

చివరికి అన్నీ అయిపోయి, "ఏమోనండీ, ఇవాళ రాయి కాస్త దిగులుగా కనపడింది" అన్నాడు.

డాక్టరు లేచి నిలబడ్డాడు. "ఇంకొక్క వారం చూస్తా. ఆ తర్వాత నేనూ, ఈ తమ్ముడూ మా దారిన మేం వెళ్ళిపోతాం!" అక్క కూడా విసుక్కుంది. "పోనీ మావయ్యా, ఆయన్నెందుకు చంపుతావు? వెళ్ళనీ."

ఆ రోజుల్లోనే మావయ్యకు ఇంకో జబ్బు పట్టుకుంది. కళ్ళజోళ్ళకు బిగించే ఆవగింజంత స్క్రూలు తనకు కనపడటం లేదంటూ, అక్కను రోజూ షాపుకు పిలిచేవాడు. ఆమెకు ఎలాగూ పనికి సెలవే.

"లోకానికంతా అద్దాలమ్ముతావు, నువ్వే ఒక జత పెట్టుకోరాదూ?" అనేది అక్క.

"పెట్టుకుంటే మొహం బాగుండదని మీ అత్తయ్య అంటుందే."

షాపు వెనకే ఉన్న ఇంట్లోంచి అత్తయ్య గొంతు వినపడేది. "నేనెప్పుడన్నానండీ?"

"ఇప్పుడనలేదు, ఎప్పుడో అన్నావులే. అమ్మా, ఎడమచేత్తో కాదు, స్క్రూ గాడి పాడైపోతుంది. కుడిచేత్తో తిప్పు. ఇంకొంచెం గట్టిగా!"

డాక్టరు గడువు ముగిసే శుక్రవారం నేను షాపుకు వెళ్ళేసరికి మావయ్య ఒక్కడే ఉన్నాడు. అక్క బిగించి వెళ్ళిన కళ్ళజోడును విప్పబోతున్నాడు. మొహం కందగడ్డయింది, స్క్రూ మాత్రం కదల్లేదు. ఆ పెనుగులాటలో బల్ల మీది స్క్రూ ఇంకొకటి ఎగిరి ఎక్కడో మూల పడింది. నాకు కనపడలేదు. మావయ్య అద్దాల్లేని కళ్ళతో టక్కున ఏరి డబ్బాలో వేశాడు.

"మావయ్యా! నీ కళ్ళు బానే ఉన్నాయే!"

"నోర్ముయ్‌రా" అన్నాడు గానీ, ఆ కదలని స్క్రూను చూసి ఒకటే నవ్వు.

"అయితే ఆ తడీ, తొండా?"

"రాయికేం రోగం? వారం వారం వెళ్ళి దానికి ఎదురుగా కూర్చుని వస్తున్నాగా. ఈ అమ్మాయి వేళ్ళకే ఇన్నాళ్ళూ పట్టు రాలేదు. తన కోసం ఆగితే మానేస్తానంది. రాయి కోసం ఆగితే మానేయడానికి లేదుగా!"

"అందరూ నిన్ను చూసి నవ్వుతున్నారు."

"నవ్వనీరా. నాకేం కొత్తా?"

అప్పుడు తట్టింది నాకు. ఆ రోజు సినిమాహాల్లో మోకాలి నొప్పుల మా అమ్మకు మెట్లెక్కే పనిలేని వరస, కాళ్ళు చాపుకునే చోటు దొరికాయి. అదృష్టమనుకున్నాం. మధ్యాహ్నం ఆటలో ఆయన చూసింది సినిమా ఒక్కటే కాదన్నమాట. నాకు ఉన్నపళంగా ఆయన్ని కావలించుకోవాలనిపించింది, కావలించుకున్నాను. "కళ్ళజోడు వంగుతుంది, వదల్రా" అన్నాడు.

శనివారం సాయంత్రం ఊరేగింపులా వచ్చాడు. "సిద్ధం! రేపే!"

మొదటి వంతు డాక్టరుదే. మాటిచ్చాం మరి. తాడు చేతిలో ఉన్నంతసేపూ మావయ్యకు తన, పర అన్నది లేదు. డాక్టరు జారితే ఆపాడు, భయపడితే ధైర్యం చెప్పాడు, సాగనిచ్చాడు. డాక్టరు చకచకా ఎక్కి, అత్త మూతి కిందికి చేరి, పైకి చెయ్యి చాచాడు. వేళ్ళు అంచుకు తగిలాయి, తగిలి జారాయి. మళ్ళీ చాచాడు, మళ్ళీ జారాయి. ఇక ఓపిక లేక దిగొచ్చేసి, "నా వల్ల కాదు. ఇది ఒట్టి రాక్షసి" అని నవ్వుతూ చతికిలబడ్డాడు.

"నువ్వోసారి చెయ్యి పెట్టి చూడమ్మా, ఊరికే" అన్నాడు మావయ్య.

అక్క కుడిచెయ్యి ఒకసారి మూసి తెరిచి చూసుకుంది. తాడు కట్టుకుంది. ఎక్కుతుంటే డాక్టరు నోరు ఊరుకోలేదు. "ఎడమకాలు పైన పెట్టండి! అక్కడే, నేను పెట్టిన చోటు కాదు, దాని పక్కన!" అంటూ తనే ఎక్కుతున్నట్టు గింజుకున్నాడు. అక్క మూతి కిందికి చేరింది. కుడిచెయ్యి చాచింది. వేళ్ళు అంచును పట్టాయి. ఈసారి వదల్లేదు. ఒక కాలు గాల్లో ఆడింది, మోచెయ్యి పైకి చేరింది, మరుక్షణం మనిషి మొత్తం అలిగినత్త నెత్తి మీదుంది!

డాక్టరు గెంతాడు. చూద్దామని మాతో వచ్చిన అత్తయ్య చప్పట్లు కొట్టింది. నేనేం అరిచానో నాకే తెలీదు. "నిజమేనండోయ్, మీ రాయి ఇవాళే సిద్ధమైంది" అని డాక్టరు మావయ్య భుజం చరిచాడు.

"మావయ్యా, ఇక దించు!" అని అరిచింది అక్క.

మావయ్య దించితేనా! తాడు బిగపట్టుకునే, అవతల చెట్ల నీడన భోజనాల డబ్బాలు విప్పుతున్న వాళ్ళందర్నీ కేకలేసి పిలుస్తున్నాడు. "రండి, రండి! మా మేనకోడలు! ఇటునుంచి ఇంతవరకూ ఎవ్వరూ ఎక్కలేదు!"

"ఎండ మాడ్చేస్తోంది మావయ్యా!"

"ఒక్క నిమిషం తల్లీ! అదిగో, ఆ చివర్నుంచి ఒక పెద్దాయన కర్ర ఊతంగా వస్తున్నారు. ఆయన చూడొద్దూ?"

అక్క పకపకా నవ్వి అంచు మీద కూర్చుంది. పెద్దాయన నెమ్మదిగా నడిచొచ్చి, తల పైకెత్తి చూసి, "భళా!" అనేదాకా కాళ్ళాడిస్తూ అక్కడే ఉంది.